ఎర్రోడి చావు కబురు

పెళ్ళిచూపులకి వెళ్ళి, ఆ ఇంటికి మైల అంటించి వచ్చిన పెళ్ళికొడుకుని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. ఈ కథ చెప్పీ చెప్పీ నాకు నోరు నొప్పి పుట్టింది. బారసాలకి వెళ్ళినా చెప్పమంటారు, గుడి మెట్ల మీద ఆపి చెప్పమంటారు. ఒకసారి రాసి పడేస్తే ఇక అడగరని ఆశ. అడుగుతారని నాకూ తెలుసనుకోండి.

అప్పట్లో నేను బంటింగ్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. సరళ వాళ్ళ ఊరు సుంగై సిపుట్. ఇపో అనే ఊళ్ళో ఒక పెళ్ళిలో కలిశాం, ఫోన్లో మాట్లాడుకున్నాం, ఇష్టపడ్డాం. వాళ్ళ నాన్న సరేనన్నాడు. మిగిలింది వాళ్ళ నాయనమ్మ నరసమ్మగారి మాట ఒక్కటే. ఆవిడ కాదంటే ఆ ఇంట్లో పొయ్యి కూడా వెలగదట.

“మామ్మ ఎవరి మాటా వినదు. ఆవిడకి ప్రాణం ఒక్కటే, శనివారం టీవీలో వచ్చే జపాన్ రోబోల బొమ్మల సీరియల్. దాని గురించి రెండు మంచి ముక్కలు మాట్లాడు చాలు,” అంది సరళ.

ఆ సీరియల్లో రోబోలు ఉన్నట్టుండి లారీలవుతాయి, విమానాలవుతాయి, మళ్ళీ మనుషుల్లా లేచి నిలబడతాయి. పిల్లల కోసం తీసినది, ఈ దేశపు మలాయ్ భాష మాటలతో వస్తుంది. మామ్మకి సగమే అర్థమయ్యేది. మిగతా సగం ఆవిడే తెలుగులో అల్లుకునేది.

సరళ రెండు ముక్కలంది. నేను ఊరుకుంటానా? అతి తెలివి గుమ్మడికాయంత, అసలు తెలివి ఆవగింజంత. పెళ్ళిచూపులకి వెళ్తూ బస్సులో కూర్చుని, టీవీలో ఇంకా రాని భాగాల కథంతా ఫోన్లో చదివేశాను. చివరిదాకా చదివేశాననే అనుకున్నాను.

వాళ్ళింట్లో నేనూ, మా అమ్మా, మావయ్యా చాప మీద కూర్చున్నాం. దేవుడి దగ్గర దీపం వెలుగుతోంది, తాంబూలం పళ్ళెం సిద్ధంగా ఉంది. మామ్మ కుర్చీలోంచి నన్ను ఎగాదిగా చూసింది.

“ఏటి బావూ, నువ్వు కూడా మా ఎర్రోడిని సూస్తావంట?”

ఎర్రోడంటే ఎర్ర లారీగా మారే రోబో.

“వారం వారం చూస్తాను మామ్మా! చూడకపోతే అన్నం సయించదు!”

“అయితే సెప్పు. ఆ ఇమానం రోబో ఉన్నాడు సూడు, ఆడు మంచోడా, సెడ్డోడా?”

“ద్రోహి మామ్మా! శత్రువులకి గుట్టంతా చెప్పేస్తాడు.”

“నానూ అదే అన్నాను! ఈ ఇంట్లో ఒక్కడూ నమ్మనేదు!” అని లడ్డూల పళ్ళెం నా వైపు జరిపింది. మా మావయ్య మీసం మెలేశాడు. అక్కడ ఆపి లడ్డూ తిని ఉంటే ఈ కథే లేదు.

“అసలు సంగతి చెప్పనా మామ్మా? మీ ఎర్రోడు ఆఖర్లో...”

వంటింటి గుమ్మంలోంచి సరళ వద్దు వద్దని చెయ్యి ఊపుతోంది. సిగ్గుపడుతోంది కాబోలనుకున్నాను. నా మొహం!

“ఆఖర్లో ఏటి?”

“చచ్చిపోతాడు మామ్మా. ముక్కలు ముక్కలు! ఒక్క బోల్టు కూడా మిగలదు!”

 ఆవిడ మెల్లగా లేచి, “సరళా, తానానికి నీల్లు ఎట్టు. సావు కబురు ఇన్నాక ఇంట్లో సుభకార్యం మాటలేటి?” అంది.

“అమ్మా, అది బొమ్మ లా!” అన్నాడు సరళ నాన్న మలాయ్ యాసలో.

“బొమ్మేటి? మీ నాన్న ఎస్టేట్‌లో తోలిన లారీ కూడా ఎర్రదేరా. ఆయన పోయిన కాడినించి ఆడే నాకు తోడు.”

 దీపం కొండెక్కించారు. తాంబూలం పళ్ళెం లోపలికి పోయింది. నా చేతిలో కొరికిన లడ్డూ అలాగే ఉంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి ధర్మమా అని ఆ ఊళ్ళో ఒక ఇల్లు మైలపడింది.

దారిలో మా అమ్మ ఒక్కటే అంది: “పెళ్ళికొడుకుని చేసి తీసుకెళ్తే చావు కబురు చెప్పొచ్చినావు కదరా!”

ఆ తర్వాత సరళ ఫోన్ చేసి, “మామ్మ టీవీ కట్టేసింది. అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. నీ పేరెత్తితే లేచి వెళ్ళిపోతోంది,” అని ఏడ్చింది. నాకు నిజంగా సిగ్గేసింది. పిల్ల దక్కదన్న దిగులు ఒకవైపు, ముసలావిడ తోడుని లాగేసుకున్నానన్న బాధ ఇంకోవైపు.

ఆఖరి రెండు భాగాలూ కలిపి ఒకే శనివారం వేస్తున్నారని తెలిసి మామ్మే కబురు పెట్టింది. “ఆడి కడసారి సూపు నాను సూడాల. కబురు తెచ్చినోడిని కూడా రమ్మను.”

వెళ్ళాను. చావింటికి వెళ్తున్నవాడు పళ్ళు తీసుకెళ్ళకూడదని అమ్మ అంటే ఒట్టి చేతులతోనే వెళ్ళాను. మామ్మ పక్కన కూర్చున్నాను. ఎర్రోడు ముక్కలయ్యాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. చూస్తూ చూస్తూ నాకూ కళ్ళు తడిశాయి. ఇక లేద్దామని కదిలాను.

“కూకో. ఇంకోటి ఉంది కదేటి!”

ఇంకోటా? నేను చదివింది అంతవరకే!

రెండో భాగం మొదట్లో వచ్చే పాట అయిపోయింది. ముక్కలు కదిలాయి. ఒకదానికొకటి అతుక్కుని, రెక్కలొచ్చి, ఎర్రోడు విమానమై ఆకాశంలోకి లేచాడు. రూపాలు మార్చేవాడికి చావేమిటన్న సంగతి నా బుర్రకి తట్టనే లేదు మరి.

మామ్మ టీవీ వైపు చూసింది. నా వైపు తిరిగింది. “బతికున్నోడికి నాసేత తానం సేయించినావు కదరా, సన్నాసీ!” అని వీపు మీద ఒక్కటిచ్చి, కళ్ళు తుడుచుకుంటూ కొడుకుని కేకేసింది. “ఒరే, ఈడికి పిల్లనిచ్చీయండి! ఈడు సెడ్డ కబురు తెస్తే అది నిజం కాదురా!”

అలా పెళ్ళయింది. సుఖంగానే ఉన్నాం, మీరేమీ దిగులుపడకండి. కాకపోతే బండి పాడైందన్నా, జీతం కోశారన్నా, నాకు జ్వరమన్నా మా అత్తవారింట్లో ఒక్కరూ నమ్మరు. “ఆఖరుదాకా సూసినావా?” అంటారు. మొన్న నిజంగానే కాలు విరిగింది. ఆ కబురు చెబితే అందరూ సంతోషించారు.

అందుకే ఈ కట్టు వేసిన కాలి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పూర్తిగా చూడకుండా ఇక ఎవరి చావూ నా నోటితో చెప్పను. అది నా చావైనా సరే.