మొగిలన్న గిటారు గొంతు విప్పిన రోజు

పాత పాటలంటే నాకు పిచ్చి. ఐదువందల ఏళ్ల నాటి ఐరోపా పాటలకు ఆనాటి గిటారే కావాలన్నది ఇంకా పెద్ద పిచ్చి. ఒళ్లో పట్టేంత చిన్నది, ఏడే తీగలు. విదేశాల్లో చేతితో చేసినవి కొనడం నా వల్ల కాదు. గోదావరిఖనిలో మొగిలన్న ఒప్పుకున్నాడు. బొగ్గుబాయిలో పైకప్పుకు దుంగలు నిలబెట్టే పని చేసి రిటైరై, ఇంట్లో వడ్రంగం చేసుకునే మనిషి. నేను పంపిన బొమ్మలు, కొలతలు చూసి రెండు చేశాడు. రెండూ మూగవే! మూడోది అయ్యాక ఫోన్ చేసి, "చెల్లె, ఇదీ పలకకుంటే ఇగ నేను ముట్ట," అన్నాడు. మర్నాడే బయలుదేరాను.

సికింద్రాబాద్‌లో పొద్దున్నే రైలెక్కితే భోజనాల వేళకు రామగుండం. స్టేషన్ బయట గోదావరిఖనికి షేర్ ఆటో, మనిషికి పది రూపాయలు.

"మొగిలన్న ఇంటికా? గా సప్పుడు రాని గిటార్లు చేసేటాయనే గదా!" అని డ్రైవర్ నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. చౌరస్తాలో తెలంగాణ దీక్షల టెంటు దాటేదాకా అతనితో మాట్లాడలేదు.

మొగిలన్న భార్య రాజక్క పచ్చిపులుసుతో అన్నం పెట్టింది. గిటారు చూసి మురిసిపోయాను. టేకు ఒళ్లు, మెడ మీద మెట్లకు బదులు చేపల గాలం దారంతో ముడులు. మీటితే మాత్రం దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంది. పైపలక మందం ఎక్కువైంది. మొగిలన్న తీగలు విప్పి, గాజుముక్కతో గీకడం మొదలుపెట్టాడు. గీకడం, వేలితో కొట్టి వినడం. పలక కాస్త మోగగానే, "సాలు," అని ఆపేస్తాడు.

"ఇప్పుడిప్పుడే కదన్నా మోగుతోంది!" అన్నాను.

రాజక్క పకపకా నవ్వింది. "ముప్పై ఏండ్లు బాయిల పైకప్పు కట్టెతోని కొట్టి చూసిండు చెల్లె. డొల్ల పలికితే కూలుతదని లెక్క, ఉరకాలె. గిటారు డొల్ల పలికినా గదే భయం!"

మొగిలన్న గాజుముక్క కింద పెట్టాడు. "నిజమేనే. చెయ్యి దానంతటదే ఆగుతాంది."

రాజక్క పీట లాక్కుని ఆయన పక్కనే కూర్చుంది. "కూలితే ఇద్దరి మీద కూలుతది. గీకు!"

గీకాడు. సాయంత్రం దాకా ఆమె కదల్లేదు. తీగలు బిగించి నా చేతికిచ్చాడు. మీటాను. అబ్బ, గదంతా మోగింది! మొగిలన్న తల మీద చెయ్యి పెట్టుకుని ఒక్క గెంతులో గుమ్మం బయట పడ్డాడు. ముగ్గురం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. ఆయన మెల్లగా లోపలికొచ్చి, "ఇంకోపారి కొట్టు చెల్లె," అన్నాడు.

రాత్రి రైల్లో గిటారు ఒళ్లోనే పెట్టుకున్నాను. ఆయన్ని ఇన్నేళ్లు బతికించిన భయమే ఆ పలకను మూగగా ఉంచింది. ఆ భయాన్ని ఒక్క పూట పక్కన పెట్టడం ఎంత కష్టమో కళ్లారా చూశాను, అందుకే ఆ మోత నాకంత ముద్దు. ఎవరైనా గిటారు చేయించుకోవాలనుకుంటే ఒక్క మాట: రాజక్క ఇంట్లో ఉందో లేదో కనుక్కుని మరీ వెళ్లండి. ఆమె పక్కన లేనప్పుడు గీకిన గిటారు మాత్రం తీసుకోకండి.