ఎవరూ తొడుక్కోని చొక్కాలు

పెద్ద రోడ్డుకీ పార్కుకీ మధ్యనున్న ఆ ఆరంతస్తుల భవనంలో ఒకప్పుడు ఫ్లాటు దొరకాలంటే పెద్దవాళ్ళ సిఫారసు కావాల్సి వచ్చేది. కింద హాల్లో పాలరాతి నేల, నిలువెత్తు అద్దం, ఇత్తడి జాలీ తలుపుల లిఫ్టు, ఆ లిఫ్టులో ఎత్తు స్టూలు మీద కూర్చుని మీటలు నొక్కే యూనిఫారం మనిషి. ఎక్కినవాళ్ళు అంతస్తు చెప్పి ఊరుకునేవాళ్ళు. తమ వేలితో తాము మీట నొక్కుకోవడం అక్కడ నామోషీ. ఇప్పుడు ఆ భవనాన్ని చూపించి ఇదంతా చెబితే ఎవరూ నమ్మరు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు గాని, దీనికి ఆ పేరు కూడా మిగల్లేదు. గేటు మీది అక్షరాలు సగం రాలిపోయాయి.

ఆ భవనం మెట్ల కింద బల్ల వేసుకుని జీవితమంతా బట్టలు ఇస్త్రీ చేసిన మనిషి ఒకామె ఉంది. ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరుండే ఉంటుంది. భవనంలో పెద్దాచిన్నా అందరూ ఇస్త్రీ అక్క అనే పిలిచారు, చివరికి ఆమె కూడా ఎవరైనా నువ్వెవరంటే అదే చెప్పేది. లిఫ్టులో స్టూలు మీద కూర్చునే మనిషే ఆమె మొగుడు. ఆయన్ని లిఫ్టాయన అనేవారు. మెట్ల వెనకున్న ఒంటి గదిలో వాళ్ళ కాపురం. పిల్లల్లేరు. భవనం నిండా ఉన్న పిల్లలు మెట్ల కింద దాక్కుని ఆడుకునేవాళ్ళు కాబట్టి ఆ లోటు రోజూ గుర్తొచ్చేది కాదు.

బట్టలు చూస్తే మనిషి సంగతి తెలుస్తుందని అక్క నమ్మకం. నాలుగో అంతస్తు బ్యాంకాయన పెద్ద ఆఫీసరయ్యాడని ఇరుగుపొరుగు కన్నా ముందు ఆమెకే తెలిసింది, మూటలో తెల్లచొక్కాలు ఒక్కసారిగా పెరిగాయి. రెండో అంతస్తు మొగుడూపెళ్ళాలు విడిపోతున్నారనీ అలాగే తెలిసింది. ఎప్పుడూ ఒకే దుప్పట్లో కట్టి పంపే బట్టలు ఒక ఆదివారం రెండు మూటలై వచ్చాయి. అక్క రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఇస్త్రీ చేసింది, ఎవరితోనూ ఏమీ అనలేదు. మొగుడితో అంది, అంతే. ఆయన లిఫ్టెక్కిన ప్రతివాళ్ళతోనూ అన్నాడు. లిఫ్టాయన నోట్లో నువ్వుగింజ నానదు.

కట్టించిన పెద్దమనిషి పోయాక ఆయన వారసులు కోర్టుకెక్కారు. ఆస్తి ఎవరిదో తేలేదాకా బాగుచేయించడం ఎవరి పనీ కాదన్నారు. తేలడానికి వాళ్ళకేం తొందర? పంపు చెడింది. పై అంతస్తులవాళ్ళు నీళ్ళెక్కక వెళ్ళిపోయారు. వాళ్ళ ఇళ్ళల్లోంచి వాననీళ్ళు దిగి కింది అంతస్తులవాళ్ళు వెళ్ళిపోయారు. లిఫ్టు ఒక రోజు మూడుకీ నాలుగుకీ మధ్య ఆగి మళ్ళీ కదల్లేదు. స్టూలు దాంట్లోనే ఉండిపోయింది. లిఫ్టాయన ఒక ఇనప కుర్చీ తెచ్చుకుని మూసిన జాలీ ముందు కూర్చుని, వచ్చినవాళ్ళకి "మెట్లు అటు" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ భవనంలోనే పుట్టి పెరిగినవాళ్ళకి కూడా చెప్పేవాడు.

వెళ్ళేవాళ్ళందరూ తాళంచెవులు అక్క చేతిలో పెట్టారు. "అప్పుడప్పుడూ కిటికీలు తియ్యి అక్కా, అంతా సర్దుకున్నాక వస్తాం" అన్నారు. ఒక్కరూ రాలేదు. వాళ్ళనీ ఏమీ అనలేం. చెమ్మ గోడల మధ్య పిల్లల్ని పెంచమని ఎవరికి చెబుతాం? ఇస్త్రీకిచ్చి తీసుకోవడం మరిచిపోయిన బట్టలు మాత్రం ఒక ఇనప పెట్టె నిండా మిగిలాయి. చివరికి ఆ భవనంలో మనుషులంటే అక్క, లిఫ్టాయన, మూడో అంతస్తులో లెక్కల మేష్టారు. మేష్టారికి భవనం మీద ప్రేమేమీ లేదు. బీరువాల కొద్దీ పుస్తకాలు కిందికి దింపే ఓపిక లేక ఉండిపోయాడు.

మరి అక్క ఎందుకుంది? ఇస్త్రీకి పక్క వీధుల్లోంచి నాలుగు బట్టలొస్తే గొప్ప. పోవడానికి చోటు లేదా అంటే ఉంది. ఆమె చెల్లెలి మొగుడికి ఊరి చివర పెద్ద లాండ్రీ ఉంది. ఆవిరి యంత్రాలు, బట్టలు మోసే వ్యాను, అన్నీ ఉన్నాయి. ఆయనకీ లిఫ్టాయనకీ, తోడల్లుళ్ళన్నాక తప్పదన్నట్టు, మొదట్నుంచీ పడదు. ఒకసారి ఆయన ఇక్కడికొచ్చి లిఫ్టెక్కి, "పొద్దస్తమానం పైకీ కిందకీ తిరిగి మా అన్నయ్య ఎక్కడికి చేరాడో" అని నలుగురిలో నవ్వాడు. అంతే, ఆ ముల్లు లిఫ్టాయనకు మళ్ళీ ఊడిరాలేదు. మరిది చెడ్డవాడేం కాదు. లాండ్రీ వెనక గది ఉంది, వచ్చెయ్యండి, వదిన కూర్చుని మడతలు పెడుతుంది అని కబురు పెడుతూనే ఉండేవాడు. కబురొచ్చినప్పుడల్లా లిఫ్టాయన ఒకటే మాట.

"నన్ను మోసుకుపోవాలి గాని, నా కాళ్ళతో వాడి గడప తొక్కను."

అక్కకు గడపల పట్టింపు లేదు. ఆయన ఆ వెనక గదిలో తోడల్లుడి కంటపడకుండా తలొంచుకు కూర్చుంటే చూడటం ఆమె వల్ల కాదు, అదీ బాధ. అందుకోసమే ఆమెకు ఈ మెట్ల వెనక గది కావాలి.

ఒక పొద్దున మేష్టారు ఆయాసపడుతూ దిగివచ్చాడు.

"విన్నావా అక్కా? మునిసిపాలిటీ వాళ్ళు పాత బిల్డింగులన్నీ చూసుకుంటూ వస్తున్నారట. మనుషుల్లేనివి ముందు కూలగొడతారట."

"మనం ఉన్నాంగా మేష్టారూ."

"మన ముగ్గుర్నీ చూసి ఇది కాపురాలున్న బిల్డింగ్ అని ఎవడనుకుంటాడమ్మా? రోడ్డు మీంచి చూస్తే దెయ్యాల కొంపలా ఉంది."

మేష్టారికి ఈ సంగతి ఎవరు చెప్పారో, వాళ్ళకెవరు చెప్పారో అడగాలని ఆ పూట ఎవరికీ తోచలేదు. అక్క రోడ్డు దాటి అవతల నిలబడి భవనాన్ని చూసింది. ఇన్నేళ్ళలో అలా ఎదురుగా నిలబడి చూడటం అదే మొదలు. బాల్కనీలన్నీ బోసిగా ఉన్నాయి. ఇంట్లో మనుషులున్నారని వీధికి చెప్పేది తీగ మీద బట్టలేనని ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? తిరిగొచ్చి ఇనప పెట్టె తెరిచింది.

మరిచిపోయిన బట్టలన్నీ తడిపి, పిండి, బకెట్లలో మోసుకెళ్ళి అంతస్తంతస్తునా ఆరేసింది. ఎవరివి వాళ్ళ బాల్కనీలోనే. బ్యాంకాయన చొక్కా పొరపాటున కూడా ఇంకో ఇంటికి పోలేదు. విడిపోయిన ఆ జంటవి మాత్రం ఒకే తీగ మీద వేసింది. అడిగేవాళ్ళెవరు?

"వాళ్ళున్నన్నాళ్ళూ ఇస్త్రీ ఒక్కటే చేశావు. వెళ్ళిపోయాక ఉతుకు కూడా మొదలెట్టావా?" అన్నాడు లిఫ్టాయన.

"నువ్వు ఆగిపోయిన లిఫ్టుకి కాపలా కాయట్లేదూ?"

ఆయన నవ్వాడు. తర్వాత కుర్చీ వెనక్కి తిప్పుకుని, బకెట్టు పట్టుకుని ఆమె మెట్లెక్కడం చూడకుండా కూర్చున్నాడు. ఆయన మోకాళ్ళు ఎక్కనివ్వవు. అక్క మోకాళ్ళు మాత్రం ఎక్కనిస్తాయా ఏం? గోడ పట్టుకుని, మలుపు మలుపుకీ ఆగి ఎక్కేది. ఆరేసినవి అలాగే ఉంటే అనుమానం వస్తుందని, వాటిని తీసి వేరేవి వేసేది. దుమ్ము పడితే మళ్ళీ ఉతికేది. ఒంట్లో బాగోలేని రోజున కూడా పైనుంచి ఎవరో పిలుస్తున్నట్టు లేచి పోయేది. చలికాలం వెళ్ళింది, ఎండాకాలం వచ్చింది, చొక్కాల రంగులు వెలిశాయి. ఎంత అలసిపోయేదంటే, కింద కూర్చున్నాక చేతిలో అన్నం కంచం అలాగే పట్టుకుని తినడం మరిచిపోయేది. అయినా ఫలితం లేకపోలేదు. దారినపోయే ఒకామె లోపలికొచ్చి, ఫ్లాటేదైనా అద్దెకుందా అని అడిగింది. "ఒక్కటీ ఖాళీ లేదమ్మా" అంది అక్క. ఆ రోజు ముగ్గురూ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుకున్నారు.

మునిసిపాలిటీ ఇంజనీరు మధ్యాహ్నం వేళ వచ్చాడు. రోడ్డు మీద నిలబడి తలెత్తి బాల్కనీలన్నీ చూసి, లోపలికొచ్చాడు.

"ఎన్ని కుటుంబాలున్నాయి పెద్దమ్మా?"

"కనిపించట్లేదూ బాబూ? నిండుగా ఉన్నారు."

"ఒక్కరి అలికిడీ లేదే?"

"పగటిపూట కదా, ఉద్యోగాలకి పోయారు."

"మెట్లు అటు" అన్నాడు కుర్చీలోంచి లిఫ్టాయన.

ఇంజనీరు పైకి పోలేదు. కార్లు పెట్టుకునే కింది చీకటి భాగంలోకి దిగి, టార్చిలైటుతో స్తంభాలు చూసి వచ్చాడు. వచ్చేసరికి ఆయన ముఖం మారిపోయింది.

"సాయంత్రం అందరూ వచ్చాక చెప్పండి. ఈ వారంలోపల ఖాళీ చెయ్యాలి."

అక్కకు అర్థం కాలేదు. "మనుషులుంటే కూల్చరు కదా బాబూ?"

"ఎవరు చెప్పారు? మనుషుల్లేని బిల్డింగ్‌కి తొందరేముంది, అవి చివర్న చూస్తాం. ఇన్ని కుటుంబాలుంటే ఎలా ఊరుకుంటాం పెద్దమ్మా? కింద స్తంభాల్లో ఇనుము బయటపడి పొరలు పొరలుగా రాలుతోంది."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. అక్క అంతా చెప్పేసింది. ఎవరూ లేరు, ముగ్గురమే, ఆ బట్టలన్నీ నేను ఆరేసినవే అంది. ఇంజనీరు నవ్వాడు.

"ఖాళీ చెయ్యమంటే ఎవరైనా ఏదో ఒకటి చెబుతారు పెద్దమ్మా. ఇలాంటిది మాత్రం ఇదే మొదలు."

అక్క తాళంచెవుల గుత్తి తీసుకుని, "రా బాబూ" అంటూ ముందు నడిచింది. తలుపు తలుపూ తీసి చూపించింది. ఉత్త గదులు, పెచ్చులూడిన కప్పులు, బూజు పట్టిన గోడలు, మేకుల గుర్తులు. ఇంజనీరు నవ్వు రెండో అంతస్తులోనే ఆగిపోయింది. నాలుగో అంతస్తులో బ్యాంకాయన చొక్కా చూపిద్దామని ఆమె బాల్కనీలోకి అడుగు వెయ్యబోతే, ఆయన చటుక్కున మోచెయ్యి పట్టుకు లాగాడు. గడపలో నిలబడి బూటు కాలితో అంచును గట్టిగా తన్నాడు. పళ్ళెమంత సిమెంటు పెళ్ళ ఊడి, ఎంతో సేపటికి కింద చప్పుడైంది. ఆ పొద్దున్నే ఆమె అక్కడ నిలబడి, మునివేళ్ళ మీద లేచి, ఆ చొక్కాకి క్లిప్పులు పెట్టింది.

అక్క గోడ పట్టుకుని ఆ ఊడిన అంచును చూసింది.

"బాబూ, ఒక్క మాట. నేను ఈ బట్టలు ఆరెయ్యకుండా ఉంటే?"

ఇంజనీరు దాచుకోవాల్సిందేమీ లేనట్టు చెప్పాడు. "రోడ్డు మీంచే చూసి, ఖాళీ అని రాసుకుని పోయేవాణ్ణి. లోపలికే వచ్చేవాణ్ణి కాదు."

"ఇప్పుడు కళ్ళారా చూశావుగా. అలాగే రాసుకుని పో బాబూ. మేం ముగ్గురమే."

"చూశాక ఎలా పోతాను పెద్దమ్మా? ముగ్గురైనా మనుషులే కదా."

మెట్లు దిగుతుంటే అక్కకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఎవరు ఎగదోశారు తనని? మేష్టారు ఒక పుకారు మోసుకొస్తే తాను దానికి బకెట్లతో నీళ్ళు పోసి పెంచింది. ఊరికే కూర్చుని ఉంటే ఆ గది ఇంకొన్నాళ్ళు ఆయనకు మిగిలేది. ఇంకోపక్క ఆ సిమెంటు పెళ్ళే గుర్తొస్తోంది. ఎంతకాలంగా మృత్యువు మీద నిలబడి బట్టలారేస్తోందో. భయపడాలో ఏడవాలో తేల్చుకునే ఓపిక కూడా ఆమెలో లేదు.

"ఏమన్నాడే?" అన్నాడు లిఫ్టాయన.

"ఖాళీ చెయ్యాలంట."

"అంతేనా?"

"అంతే" అంది అక్క.

మేష్టారిని ఆయన తమ్ముడొచ్చి తీసుకుపోయాడు. పుస్తకాలు దింపడానికి నలుగురు మనుషులు కావాల్సి వచ్చింది. ఆ తర్వాత లాండ్రీ వ్యాను వచ్చింది. మరిది తనే నడుపుకుంటూ వచ్చాడు, రాగానే సామాను ఎక్కించడం మొదలుపెట్టాడు. ఇస్త్రీ బల్ల, పెట్టె, రెండు పరుపులు, గిన్నెల మూట. అంతకన్నా ఏముంది? లిఫ్టాయన ఇనప కుర్చీలోంచి లేవలేదు. గిన్నెల మూట తప్ప అన్నీ ఎక్కాక మరిది దగ్గరికొచ్చి, "లే అన్నయ్యా" అని చెయ్యి చాపాడు. లిఫ్టాయన ఆ చెయ్యి వంక చూసి, పట్టుకోకుండా తనే లేచి, నడిచొచ్చి వ్యాను తలుపు దగ్గర ఆగాడు. తన కాళ్ళతోనే వచ్చాడు. అక్క అది చూడలేక గిన్నెల మూట మళ్ళీ ముడేసింది.

అప్పుడాయన వెనక్కి తిరిగి, ఎన్నాళ్ళ నుంచో దాచుకున్నది బయటపెట్టినట్టు, తోడల్లుడితో అన్నాడు.

"మా ఆవిడంటే ఉత్త ఇస్త్రీ పెట్టె అనుకుంటావు గాని, ఈ బిల్డింగ్ ఇన్నాళ్ళు నిలబడింది ఆమె తెలివి వల్లే. రోడ్డు మీంచి చూసి మునిసిపాలిటీ వాళ్ళు బెదిరిపోయేలా చేసింది. లేకపోతే మమ్మల్ని ఎప్పుడో వెళ్ళగొట్టేవాళ్ళు. నీ యంత్రాలన్నీ కలిపినా ఆమె బుర్రకు సాటి రావు."

కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆయన ఆమెను వెక్కిరించాడు, నవ్వించాడు, కోపగించుకున్నాడు. నలుగురి ముందు మెచ్చుకున్నది లేదు. ఇప్పుడు మెచ్చుకుంటున్నది ఎవరి ముందు? మెడ నిటారుగా పెట్టుకున్నాడు. ఆ గడప తొక్కడానికి ఆయన దగ్గరున్న గొప్ప అదొక్కటే.

మరిది బాల్కనీల వైపు చూసి, ఆమె వైపు తిరిగాడు.

"నిజమా వదినా?"

"నిజమే" అంది అక్క, మూట ఒళ్ళో పెట్టుకుని వ్యానెక్కుతూ.