బాలాపూర్ నుంచి వచ్చిన హంస

ఆ రోజుల్లో ఎవరు గుమ్మంలోకి వచ్చినా ముందు అన్నం తిన్నావా అని అడిగేవాళ్లం; తర్వాత తర్వాత ముందు ఊరే అడగడం మొదలైంది. తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న ఆ ఏళ్లలో ఎల్బీనగర్‌లో మా ఇంటి కింది వాటాలో గుంటూరు వైపు నుంచి వచ్చిన పిన్ని, బాబాయి కిరాయికి ఉండేవారు. (చుట్టరికం లేదు, పిలుపే చుట్టరికం.) జబ్బు చేసి బడి మానేసిన నాకు ఇంట్లోనే నాలుగక్షరాలు నేర్పింది ఆ పిన్నే. దేవుడు బడిని తీసుకుని బదులుగా పిన్నినిచ్చాడని ఈనాటికీ దణ్ణం పెట్టుకుంటాను. వెనకటి కావ్యాల్లో హంస పాలనూ నీళ్లనూ వేరు చేస్తుందని, అందుకే మంచిచెడ్డలు తేల్చగల మనిషిని హంస అంటారని ఆమె చెబితే నిజమేననుకున్నాను. మా నాయనమ్మ మరీ నమ్మేది. పోచంపల్లిలో మా మగ్గం మీద నేసిన పెళ్లిచీరల అంచున హంసలుండేవి; కాపురంలో గొడవలొస్తే అవే తీర్పు చెబుతాయట.

అలాంటి ఇంట్లో నాన్నా బాబాయీ టీవీ వార్తల దగ్గర మాటామాటా అనుకుని పలకరింపులు మానేశారు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం మూసి నాన్న వస్తుంటే బాబాయి లోపలికెళ్లి తలుపేసుకునేవాడు. విజయవాడ వెళ్లిపోదామంటున్నాడని పిన్ని ఓ పొద్దున పాఠం చెబుతూ చెబుతూ ఆగి నాతో అంది. తప్పెవరిదో హంస తేల్చేస్తే పిన్ని ఉండిపోతుందని నాయనమ్మ చెవిలో వేశాను.

ఆమె బాలాపూర్‌లో ఎరిగినవాళ్లింటికి పోయి, గంపలో తెల్లటి పక్షితో ఆటోలో దిగింది. "హంసనేనా నాయనమ్మా?" అంటే, "తెల్లగుంది, నీళ్లల్ల ఈదుతది, ఇంకేం గావాలె నీకు?" అంది. (గంపలోంచి అది క్వాక్‌క్వాక్‌మన్నప్పుడే అనుమానించాల్సింది. భక్తి అడ్డొచ్చింది.) సాయంత్రం మెట్ల దగ్గర గిన్నెలో పాలూ నీళ్లూ కలిపి, పక్షి ముందు ఓ పువ్వు పెట్టి మొక్కి, ఇద్దరినీ పిలిచాను. ఎడమొహం పెడమొహంగా నిలబడ్డారు. పక్షి ముక్కు ముంచింది, తల విదిలించింది; నాన్న చొక్కా, బాబాయి లుంగీ తడిసిపోయాయి. తర్వాత గిన్నె ఖాళీ చేసి, తీర్పును మెట్టు మీదే వదిలింది.

"ఏమన్నా, ఇందుల పాలు మీయి, నీళ్లు మాయా?" అన్నాడు నాన్న, చొక్కా దులుపుకుంటూ. (నెలల తర్వాత తొలిమాట.)

"మొత్తం తాగేసింది కదయ్యా, ఇంక ఎవరివైతే ఏంటి" అన్నాడు బాబాయి. ఇద్దరూ నవ్వారు. నాయనమ్మ మాత్రం తగ్గలేదు: "గిది హంసనే. జర ఆకలి మీదున్నది."

ఆ నవ్వుతో సామాన్ల లారీ ఆగలేదు. నాన్నే దగ్గరుండి బీరువాకు తాళ్లు కట్టాడు. "ఉండరాదే అన్నా, నేను లేనా" అంటే, "నువ్వున్నావు అన్నా. అక్కడ మా అమ్మ రోజూ ఫోన్లో ఏడుస్తోంది" అన్నాడు బాబాయి, తాడు చివర పట్టుకునే. పిన్ని నా తల నిమిరి, "నిజం హంసైనా మన గిన్నెలో ముక్కు పెట్టదులేమ్మా" అంది. ఆ తర్వాత ఆమె దగ్గర కూర్చుని చదివే భాగ్యం కలగలేదు.

ఇప్పుడు వనస్థలిపురంలో నా వంటింట్లో, పాలల్లో నీళ్లు పోయబోతే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఇక వీటిని విడదీసే పక్షి ఏదీ లేదు కదా, స్వామీ, అనుకుంటాను. బాతుకు పువ్వు పెట్టి మొక్కిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుని, పోసేస్తాను.