అక్క అడిగిన ప్రశ్న

మా అక్క పూతలపట్టు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఎంబీఏ ఉంటే మేనేజరుని చేస్తామని వాళ్లు చెప్పినారు. తిరుపతిలో ఉద్యోగం చేసే నేను, అన్నింటికంటే ఫీజు తక్కువున్న ఆన్‌లైన్ కోర్సొకటి వెతికిపెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయినాను.

అక్క చేరే ముందు, నా ఎదురుగానే స్పీకరు పెట్టి ఆ యూనివర్సిటీకి ఫోన్ చేసింది.

"సార్, ప్రభుత్వ గుర్తింపు ఉండాదా?"

"మా యూనివర్సిటీకి ఉంది మేడమ్."

"యూనివర్సిటీకి కాదు సార్. ఈ ఆన్‌లైన్ ఎంబీఏకి, ఈ సంవత్సరానికి."

అవతలి మనిషి తడబడినాడు. "అప్లై చేసినాం, వచ్చేస్తుంది."

"వచ్చినాక చెప్పండి" అని అక్క ఫోన్ పెట్టేసింది.

ఆ తేడా ఒకటి ఉంటుందని నాకే తెలీదు. "నీకెవరు చెప్పినారక్కా?" అన్నాను.

"గుజ్జు పంపేటప్పుడు ఒక్కో బ్యాచికి వేరే ల్యాబ్ రిపోర్టు అడుగుతారు గదరా. సదువుకీ అట్లే ఉంటాదేమోనని ప్రభుత్వ వెబ్‌సైటులో సూసినా. ఏ కోర్సుకి ఏ సంవత్సరం గుర్తింపు ఉండాదో ఆడ జాబితా పెట్టినారు."

ఆ జాబితాలో ఉన్న ఇంకో యూనివర్సిటీలో, ఫీజు కొంచెం ఎక్కువైనా, చేరింది. రెండు మామిడి సీజన్లు షిఫ్టులు చేస్తూనే చదివి పాసై, మేనేజరైంది. మొన్న నా భార్య బీబీఏ చదవాలనుకొని, పక్కనే ఉన్న నన్ను అడగకుండా నేరుగా అక్కకే ఫోన్ చేసింది. మంచి పనే చేసిందనుకున్నాను.