కన్నుకు పెట్టిన బొట్టు

మంచిర్యాల కొత్త జిల్లా అయిన మరుసటి ఏడాది నన్ను ఏఎస్సైగా లక్సెట్టిపేటకు వేశారు. ఏఎస్సై అంటే హెడ్ కానిస్టేబుల్‌కు పైన, ఎస్సైకి కింద. పెత్తనం తక్కువ, తిరుగుడు ఎక్కువ. అప్పట్లో నగలకు మెరుగు పెడతామంటూ ఇల్లిల్లూ తిరిగే ముఠా ఒకటి చాలామంది ఆడవాళ్లను ముంచింది. మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్న ఇళ్ల తలుపులకు, బయట ఎవరున్నారో లోపలినుంచే చూసుకునే డోర్ వ్యూయర్లు పెట్టించడం నా డ్యూటీ అయింది.

మొదట రాజవ్వ ఇంటికే వెళ్లాను. కొడుకు దుబాయిలో, ఆమె కోడలు లతతో ఊళ్లో. ఆమె మెడలోని బంగారు గుండ్ల పేరు, అంటే పూసల గొలుసు, ఆ ముఠా చేతిలోనే పోయింది. వ్యూయర్ పని చిన్నదే: తలుపుకు బెజ్జం వేసి, అద్దమున్న ముక్కను బయటినుంచి, మరలున్న గొట్టాన్ని లోపలినుంచి పెట్టి బిగించాలి. ఎత్తు మాత్రం ఇంట్లో అందరికంటే పొట్టివాళ్ల కంటికి సరిపోవాలి. రాజవ్వను తలుపుకు ఆనించి నిలబెట్టి, వడ్రంగి సాంబయ్యతో గుర్తు పెట్టించాను.

"నా పెండ్లికి సుత గింతగనం కొలువలే సారూ" అని నవ్వింది. తెలిసిన మనిషి కంటికి కనబడితేనే గడియ తీయాలి, ఎంత బతిమాలినా సరే అని నేర్పాను.

వారం తిరగకముందే లత ఏడుస్తూ స్టేషన్‌కు వచ్చింది. ఆమె తల్లి గంగవ్వ ధర్మపురి నుంచి, బిడ్డకు ఒడిబియ్యం పోస్తామని బొట్టు పెట్టి పిలవడానికి వచ్చిందట. పుట్టింటివాళ్లు ఆడబిడ్డ ఒడి నింపి దీవించే వేడుక అది. లత పత్తి ఏరడానికి పోయింది. గంగవ్వ పేరు చెప్పినా, ఊరు చెప్పినా రాజవ్వ తలుపు తీయలేదు. బొట్టుతో వచ్చిన మనిషిని బయటినుంచే పంపడం మా దిక్కు చిన్న విషయం కాదు.

"మా అవ్వ ఇగ ఈ గడప తొక్కనన్నది సార్. పిలువని పుట్టింటికి నేనెట్ల పోవాలె?" అంది లత.

వెళ్లి వ్యూయర్‌లోంచి చూస్తే అంతా చీకటి. బయట అద్దం మీద దట్టంగా పసుపు, దాని మీద కుంకుమ.

"కొత్త వస్తువాయె, బొట్టు పెట్టకుంట ఎట్లుంచుత?" అంది రాజవ్వ. నాకు నవ్వాగలేదు. లత మాత్రం నవ్వలేదు.

కేసూ లేదు, ఎఫ్‌ఐఆరూ లేదు. అయినా అత్తాకోడళ్లను వెంటబెట్టుకుని ధర్మపురి వెళ్లాను. పసుపు సంగతి చెప్పినా గంగవ్వ మెత్తబడలేదు.

"కండ్లకు ఆనకుంటె మాయె, నా గొంతు సుత ఎరుకపడలేదా వదినె?" అని అడిగింది.

"ఎరుకైంది వదినె. గా దొంగోడు సుత అవ్వా అని గంత పావురంగ, ప్రేమగనే పిలిచిండు. గప్పటి సంది నా చెవులను నేనే నమ్ముతలేను" అంది రాజవ్వ.

గంగవ్వ లోపలికి వెళ్లి కుంకుమ భరిణె తెచ్చి, మొదట రాజవ్వకు, తర్వాత కూతురికి బొట్టు పెట్టింది. ఆ ఇంట్లో ఆనాడు తాగిన చాయ్ ఇప్పటికీ గుర్తొస్తుంది. ఆ సర్వీసు రోజులు గుర్తొచ్చి మనసు అటే లాగుతుంది.

ఆ తర్వాత నేను వెళ్లిన ప్రతి ఇంట్లో, బొట్టు అద్దానికి కాదు, పక్కన చెక్కకు పెట్టమని చెప్పేవాడిని. కొన్నాళ్లకు ముఠా పట్టుబడింది. పోయిన సొత్తు దొరకడాన్ని మేం రికవరీ అంటాం. గుండ్ల పేరు అలాగే దొరికి, కోర్టు ద్వారా రాజవ్వకు చేరింది. అది మెడలో వేసుకున్నాక కూడా ఆమె చాలాకాలం, సొంత కోడలు పిలిచినా కన్ను అద్దానికి ఆనించి చూశాకే గడియ తీసేది. రికవరీతో కేసు మా స్టేషన్‌లో ముగుస్తుంది కానీ ఆ ఇంట్లో ముగియదని నేను నేర్చుకున్నది అక్కడే.