సగం డబ్బా పెయింటు

ఎనభైల చివర్లో, ఒక జూన్ నెలలో, నన్ను పులివెందుల వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మలేరియా సర్వైలెన్స్ వర్కర్‌గా వేశారు. మా శాఖలో అది అట్టడుగు ఉద్యోగం. పదిహేను రోజులకొకసారి నాకిచ్చిన ఊళ్లలో ప్రతి గడపా తొక్కాలి. ఇంట్లో ఎంతమంది, ఎవరికైనా జ్వరమా, బయటినుంచి ఎవరైనా వచ్చారా, ఇంట్లోవాళ్లు ఎవరైనా ఊరు వెళ్లారా అని అడగాలి. జ్వరమున్నవారి ఎడమచేతి ఉంగరం వేలు పొడిచి గాజు స్లైడు మీద రక్తపు చుక్క తీసుకోవాలి. నాలుగు క్లోరోక్విన్ మాత్రలు మింగించాలి. చివరికి గుమ్మం పక్కన గోడ మీద తేదీ, మనుషుల లెక్క రాసి సంతకం పెట్టాలి. మేం నిజంగా తిరుగుతున్నామో, చెట్టుకింద పడుకుని రిజిస్టరు నింపుతున్నామో సూపర్‌వైజరు ఆ గోడలు చూసి పట్టేసేవాడు.

ఇంత తిరుగుడికి సైకిలు లేకపోతే కుదరదు. కొత్తది కొనే స్తోమత లేదు. జమ్మలమడుగులో మిషన్ బడి పంతులుగా చేసిన మా నాయన సైకిలు మా ఇంటి వెనక గదిలో తుప్పుపట్టి పడుంది. దాన్ని బస్సు మీద వేసుకుని ప్రొద్దుటూరులో ఖాదర్ మామ సైకిలు షాపుకు తీసుకుపోయాను. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఫ్రేము గట్టిదని, తక్కినదంతా భగవంతుడి దయ అని తేల్చాడు. రెండు రోజులు అక్కడే కూర్చుని ఇద్దరం ఓవరాయిలింగ్ చేశాం. చైను కిరసనాయిల్లో నానబెట్టి తోమాం. రిమ్ముల వంకర తీశాం. పెడల్ ఇరుసులో అరిగిన గోళీలు మార్చాం. వెనక టైరు చీలిన చోట లోపల పాత టైరు ముక్క కోసి పెట్టాం. కొత్తగా కొన్నవి బ్రేకు రబ్బర్లు, ఒక ట్యూబు, అంతే.

ఇక తుప్పు ఆగాలంటే రంగు పడాలి. మామ దగ్గర ఎన్నికల్లో గోడరాతలకు వాడగా మిగిలిన పెయింటు సగం డబ్బా ఉంది. ఊరికే ఇస్తానన్నాడు గానీ మూత తీయబోతూ ఆగాడు.

"ఈ రంగేసుకుని ఆ పక్క ఊర్లల్లో తిరుగుతావా అబ్బా?"

"సైకిలుకు ఓటు లేదులే మామా, పుయ్యి," అన్నాను.

అది ఏ పార్టీ రంగో ఇప్పుడు కూడా చెప్పను. ఉద్యోగం మానేసి ఇన్నేళ్లయినా ఆ పేరు రాయడానికి చెయ్యి రాదు.

కొత్త రంగుతో నేను మొదట వెళ్లిన ఊరు రెండో పార్టీది. ఎన్నికల తర్వాత ఆ ఊళ్లో ఇద్దరు హతమయ్యారు. ఊరి పెద్దాయన ఇంటిముందు ఎవరైనా సరే సైకిలు దిగి నడిపించుకుపోవాలి. అది రాయని చట్టం. నేనూ దిగాను. మామూలుగా "ఏం జరం సారూ" అని పలకరించే అరుగు మీది మనుషులు ఆ రోజు నన్ను వదిలి సైకిలుకేసి చూశారు. కింది వీధిలో ఈశ్వరమ్మ అని ఒకామె, ఆరు నెలల గర్భిణి, వణుకుతో పడుకుని ఉంది. స్లైడు తీసుకున్నాను, మాత్రలు మింగించాను. బయటికి వచ్చేసరికి నాగన్న నా హ్యాండిల్ పట్టుకుని ఉన్నాడు. అతను పెద్దాయన మనిషి. పంచె మడతలో ఏముందో ఊరందరికీ తెలుసు.

"ఏంది సారూ ఈ రంగు? యాడ పూసిచ్చినావు?"

ప్రొద్దుటూరు అన్నాను.

"పదైదు దినాలకొకతూరి వస్తాండావు. ఇంట్లో ఎంతమందని అడుగుతావు. ఎవురొచ్చినారు, ఎవురు పోయినారని అడుగుతావు. గోడ మీద రాసిపోతావు. ఎవురికి చూపిచ్చేదానికి?"

అంతవరకు నా రాతలు నాకు జ్వరం లెక్కలే. అప్పుడు వీధి పొడుగునా గోడల మీద నా చేతిరాత చూశాను: ఇంటింటికీ మనుషుల లెక్క, తేదీతో సహా. నరకడానికి వచ్చేవాడికి అంతకన్నా ఏం కావాలి?

"ఈ సైకిలు మళ్లా ఈ ఊర్లో కనపడితే సైకిలూ మిగల్దు, తొక్కేటోడూ మిగల్డు," అని నాగన్న హ్యాండిల్ వదిలాడు.

మూడు రోజులకు, శనివారం పొద్దున, ల్యాబ్ టెక్నీషియన్ కాగితం ఇచ్చాడు. ఈశ్వరమ్మ స్లైడు పాజిటివ్, అదీ పీఎఫ్ రకం. మెదడుకెక్కి ప్రాణం తీసే మలేరియా అది. ఆ రకానికి మామూలుగా ఇచ్చే రెండో మందు గర్భిణికి ఇవ్వకూడదు. వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. ఆ కబురు మోసుకుపోవలసింది నేను. ఆ ఊరు ఎనిమిది కిలోమీటర్లు.

నేను వెళ్లలేదు. ముందు సైకిలు రంగు తీసేయాలి అనుకున్నాను. నేనుండే సబ్‌సెంటర్ వెనక కూర్చుని పగిలిన స్లైడు ముక్కలతో, ఉప్పుకాగితంతో గీకడం మొదలుపెట్టాను. సాయంత్రానికి సగం పోయింది. అప్పుడు ఇంకో భయం పట్టుకుంది: నాలుగు రోజుల్లో రంగు మార్చుకొచ్చాడంటే వీడు ఖాయంగా వేగులవాడే అనుకోరా? ఆదివారం కూడా గీకుతూనే ఉన్నాను. నడిచిపోవచ్చన్న సంగతి నాకు తోచకపోలేదు. తోచినప్పుడల్లా ఉప్పుకాగితం ఇంకా గట్టిగా రుద్దాను. పని చేస్తున్నాను కదా అని సర్దిచెప్పుకున్నాను.

సోమవారం పొద్దున సైకిలు వదిలేసి నడిచి వెళ్లాను. ఊరి మొదట్లోనే నాగన్న ఎదురొచ్చాడు. నేను ఆగిపోయి, అడగకముందే జేబులోని కాగితం తీసి చాచాను. అతను కాగితం తీసుకోలేదు.

"రాత్రి బండి కట్టి పులివెందులకు తోలుకపోయినారు సారూ. మనిషి దక్కింది. కడుపు పోయింది."

ఆ రిపోర్టు ఎప్పుడు వచ్చిందని అడిగాడు. శనివారం అన్నాను. అబద్ధం చెప్పే ధైర్యం కూడా లేకపోయింది. నా గోళ్లలో ఇరుక్కున్న రంగుకేసి అతను కాసేపు చూశాడు.

"మేము అరుస్తాం సారూ. అరిచేది మా బతుకు. నువ్వు రావల్ల గదా."

నన్ను ఏమీ చేయలేదు. చేసి ఉంటే బాగుండేదేమో అని దారి పొడుగునా అనిపించింది.

ఆ సైకిలుకు మళ్లీ రంగు వేయించలేదు. వారానికొకసారి నూనె గుడ్డతో తుడుస్తూ వట్టి ఇనుముతోనే పద్దెనిమిదేళ్లు తొక్కాను. సూపర్‌వైజరుతో పోట్లాడి, ఆ ఊళ్లో గోడల మీద మనుషుల లెక్క రాయడం మానేశాను, తేదీ ఒక్కటే రాశాను. భయం తర్వాత కూడా పోలేదు. పాజిటివ్ కాగితం చేతికొచ్చిన రోజు మాత్రం భయంతోనే బయల్దేరేవాణ్ని. కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పిందీ అదే. భయపడితే తప్పులేదు, కానీ ఈశ్వరమ్మ జ్వరంతో పడి ఉన్న ఆ రెండు రోజులూ నేను బాగుచేసుకున్నది నా సైకిలు.