ఒక్క బంతి ఇచ్చే కాక

తెలంగాణ రాకముందు, గోదావరిఖనిలో మా బొగ్గుగని ఆఫీసర్ల క్లబ్బులో గోల్ఫ్ ప్రాక్టీసుకు బంతులు అందించే కాక ఒకాయన ఉండేవాడు. గనిలో కాలు నలిగితే ఆ తేలిక డ్యూటీ ఇచ్చారు. బుట్ట నిండా బంతులున్నా చేతిలో ఒక్కటే పెట్టేవాడు. అది కొట్టాక కాసేపు నడిపించి, వేరే కర్ర ఇచ్చి, వేరే గురి చూపించాకే రెండోది ఇచ్చేవాడు.

“వరసగా పది కొడితే చేయి కుదురుతుంది కదా కాకా,” అని ఒకరోజు విసుక్కున్నాను.

“చెయ్యి కుదిరితే చెవులు పనిచెయ్యయి సారు,” అన్నాడు. “గనిల రూఫు తట్టి, బోలు చప్పుడొస్తే ఎనుకకు జరగాలె. ట్రైనింగుల మాకు గట్టి రూఫే చూపిచ్చిన్రు. దినాం తట్టుడే, ‘మంచిగుంది’ అనుడే. అసలు గనిల గూడ గట్లనే తట్టిన, గట్లనే అన్న. నా మాట నమ్మి మా బావ దాని కిందికి పోయిండు. అది కూలి బావ పాణం పోయింది, నాకు కాలుతోటే పోయింది.”

నేను ఆయన ఇచ్చిన వేరే కర్ర అందుకున్నాను.

మర్నాడు గనిలో భద్రత చూసే మా సర్దారు పైకప్పు తట్టి, “మంచిగుంది సారు,” అన్నాడు. అలవాటుగా తలూపి అడుగు ముందుకేయబోయి ఆగిపోయాను. అన్నాళ్లూ నేను ఆ మాటే విన్నాను. చప్పుడు ఒక్కనాడూ వినలేదు.